మరకలమ్మ తీసేసిన గుర్తు

ఆ వీధిలో ఆవిడను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆవిడ మరకలమ్మే. టీ ఒలికినా, జేబులో పెన్ను కక్కినా, పిల్లవాడి ముక్కులోంచి రక్తం కారి చొక్కా పాడైనా, "మీరు ముట్టుకోకండి, ముందు మరకలమ్మ దగ్గరికి పట్టుకెళ్ళండి" అనేవాళ్ళు. రక్తానికి చన్నీళ్ళు, సిరాకు స్పిరిట్ అని తెలిసినవాళ్ళు లోకంలో బోలెడుమంది. ఆవిడ దగ్గరున్నది ఓపిక. మరకను రుద్దకూడదు, బతిమాలాలి అనేది. రుద్దితే బట్ట చస్తుంది, మరక బతుకుతుంది అని కౌంటరు మీద మోచేతులు ఆనించి పాఠం చెప్పేది, వినేవాళ్ళకు తీరిక ఉన్నా లేకపోయినా.

అంత ఓపికా బట్టల దగ్గరే. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆవిడ నోరు ముందు పరిగెత్తేది, మనసు వెనక రొప్పుకుంటూ వచ్చేది. అలా ముందు పరిగెత్తిన నోరు ఒకసారి చేసిన పనికి ఆవిడ ఎంతకాలం కుమిలిపోయిందో చెప్పాలంటే, ముందు ఆ లాండ్రీ షాపు లోపలికి రావాలి.

పెద్ద షాపేం కాదు. వీధివైపు కౌంటరు, అక్కడ ఆవిడ ఆడపడుచు. రసీదులు రాయడం, ఊడిన గుండీలు కుట్టడం, వచ్చినవాళ్ళ ఇంటి సంగతులు కూపీ లాగడం ఆ అమ్మగారి శాఖలు. వెనక గదిలో తొట్లు, కుళాయిలు, సబ్బు వాసన, ఎప్పుడూ తడి ఆరని గచ్చు. అది మరకలమ్మ రాజ్యం. మధ్యలో, కిటికీ పక్కన, పాత దుప్పట్లు పొరలుపొరలుగా పరిచి బిగించిన బల్ల. అక్కడ నిలబడేది ఆవిడ భర్త. వీధంతా ఆయన్ని ఇస్త్రీ మాస్టారనేది. ఎడమచేత్తో బట్ట సర్దుతూ, కుడిచేత్తో పెట్టె నడుపుతూ, కిటికీలోంచి పోయేవాళ్ళనల్లా పలకరిస్తూ ఉండేవాడు. మాటలు ఎటుపోయినా మడత మాత్రం తప్పేది కాదు. ఆయన చేతిలోంచి వచ్చిన చొక్కా తొడుక్కోవాలంటే నలిగిపోతుందేమోనని మనసొప్పేది కాదు.

పెళ్ళైన కొత్తలో ఆవిడకు పెట్టె పట్టడం నేర్పింది కూడా ఆయనే.

"ఈ పనిలో ఉన్నది ఒకటే మాట. పెట్టె బట్ట మీద ఆగకూడదు. ఆగేలా ఉంటే ఎత్తెయ్. అంతే."

"ఓస్, ఇంతేనా? దీనికో మాస్టారా?" అని ఆవిడ పకపకా నవ్వింది.

ఆ వారం తిరక్కుండానే ఆయన చొక్కానే వీపుమీద మాడ్చేసి, చేతులు వెనక్కి పెట్టుకుని బిక్కచచ్చి నిలబడింది. ఆయన కోప్పడతాడని చూసింది. ఆయన ఆ చొక్కాను విప్పి కిటికీ వెలుగులో పట్టుకుని, గోధుమరంగు గుర్తును అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది. మా ఆవిడ మొదటి సంతకం" అన్నాడు. అని ఊరుకున్నాడా? కాలరు చిరిగేదాకా దాన్ని వీధిలో తొడుక్కు తిరిగాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ వీపు తిప్పి చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాననేది ఆవిడ. కానీ చిరిగాక ఆ చొక్కాను తుడుపుగుడ్డగా వాడనివ్వలేదు, ఉతికి మడతపెట్టి బీరువా అడుగున దాచుకుంది.

అటువంటి మనిషి మొహంలో నవ్వు ఒకనాటికి కనిపించడం మానేసింది. నడక చిన్నదైంది. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేవాడు. గొంతు లోపలికి పోయింది. అది రోగమని ఎవరనుకుంటారు? మరకలమ్మ ఆయన అలిగాడనుకుంది.

"మా అన్నయ్య ఊరికే అలగడు వదినా. నువ్వే ఏదో అనుంటావు" అంది ఆడపడుచు.

"అనకుండా ఎప్పుడున్నాను కనక! ఈసారి ఏమన్నానో నాకే గుర్తురావట్లేదు, అదీ నా బాధ" అంది ఈవిడ.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే పార్కిన్సన్స్ అని తేలింది. మెదడులో కదలికలను నడిపే రసాయనం తగ్గిపోతోందని, చేతులూ కాళ్ళలాగే మొహం కండరాలు కూడా బిగుసుకుంటాయని ఆమె విడమరిచి చెప్పింది. "అది కోపం కాదమ్మా, జబ్బు" అంది. మాత్రలు మొదలుపెట్టాక మనిషి మళ్ళీ మనిషయ్యాడు. కొన్నేళ్ళు అలాగే నెట్టుకొచ్చారు. ఆ తరవాత మాత్రల బలం మధ్యమధ్యలో చాలకుండా పోయింది. ఒక మాత్ర దిగిపోయి, ఇంకోటి ఎక్కేలోపల చేయి కొయ్యబారిపోయేది.

సరిగ్గా అలాంటి వేళే బల్లమీద బ్యాండు మాస్టారి తెల్లకోటు ఉంది. సాయంత్రం ఆయన కచేరీ. వీపు మధ్యలో నడుస్తున్న పెట్టె నడుస్తూ నడుస్తూ ఆగింది. ఇస్త్రీ మాస్టారి చేయి కదలదు. ఎత్తుదామంటే లేవదు. పిలుద్దామంటే గొంతు పెగలదు. వెనక గదిలో ఉన్న మరకలమ్మకు ముందు వాసనే తెలిసింది. తడికాళ్ళతో పరిగెత్తుకొచ్చి, ప్లగ్గు పీకి, ఆయన వేళ్ళు విడదీసి పెట్టెను లాగేసుకుంది. కౌంటరు దగ్గర నలుగురూ చూస్తున్నారు.

"చేతకాకపోతే చేతకాదని చెప్పాలి! ఇంకోసారి ఈ పెట్టె ముట్టుకున్నారంటే ఊరుకునేది లేదు!" అని అరిచింది.

ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. మెల్లగా పక్కకు జరిగి, కిటికీ దగ్గరున్న స్టూలు మీద కూర్చున్నాడు.

బ్యాండు మాస్టారు వచ్చి కోటును చాలాసేపు చూశాడు. "ముందువైపు మాడినా బావుండేదమ్మా. కచేరీ నడిచినంతసేపూ నేను జనానికి వీపు చూపించి నిలబడేవాణ్ణి" అన్నాడు. పాపం మంచివాడు, ఎవరిదో కోటు అడిగి తెచ్చుకుని ఆ పూట గట్టెక్కాడు, తన బట్టలు ఇక్కడికి పంపడం మానలేదు. కానీ మాడు మరక కాదు. అక్కడ బట్టే పోయింది. దాని ముందు మరకలమ్మ విద్య ఏదీ పనికిరాలేదు.

ఆ రోజు నుంచి పెట్టె ఆవిడ చేతికొచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని చెల్లెలి కోసం గుండీలు ఏరిపెట్టేవాడు, మధ్యలో బల్లవైపు చూసేవాడు. ఆ చూపు వీపుమీద పడ్డప్పుడల్లా ఆవిడకు ప్రాణం చివుక్కుమనేది. తన చొక్కా మాడిస్తే వీధంతా ఊరేగిన మనిషిని తను నలుగురిలో ఏమంది? తప్పైపోయిందని చెబుదామనుకునేది. ఆ మాట ఆవిడ నోటికి అలవాటు లేనిది, నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. పోనీ ఆయన మనసులో ఏముందో మొహం చూసి తెలుసుకుందామంటే, మొహం మూసిన తలుపులా ఉండేది. డాక్టరమ్మ కోపం కాదంది. కానీ ఈసారి కోపమే ఎందుకు కాకూడదు?

తరవాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. "మాత్రలు ఇంకా పెంచితే ఒళ్ళు దానంతటదే మెలికలు తిరుగుతుంది. అందుకని వాటికి తోడుగా ఇంకోటి చేసి చూద్దాం. కోత లేదు, మత్తు లేదు. తలకు బయటినుంచే అయస్కాంతంతో మెదడును తడతాం."

"అయస్కాంతమా?" అంది తోడొచ్చిన ఆడపడుచు. "లాగడానికి మా అన్నయ్య తలలో ఇనుమేముందండీ?"

"అది లాగదమ్మా" అని డాక్టరమ్మ నవ్వింది. "దాని బలం టక్కున పెరిగి తగ్గినప్పుడు లోపల చిన్న కరెంటు పుడుతుంది. కదలికలను నడిపే చోటుకు అదొక తట్టు. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు రావాలి."

మరకలమ్మకు కావలసింది ఒక్క మాటే. "మళ్ళీ పెట్టె పట్టుకుంటారా?"

"మాట ఇవ్వలేనమ్మా. కొందరికి మేలు బాగా తెలుస్తుంది, కొందరికి కొద్దిగా, కొందరికి అసలు తెలియదు. తెలిసినా కొన్నాళ్ళకు తగ్గిపోవచ్చు, మళ్ళీ చేయించుకోవాలి. జబ్బును పోగొట్టేది మాత్రం కాదు. మాత్రలు మానకూడదు."

అరచేతిలో వైకుంఠం చూపించే రకం కాదు ఆ డాక్టరమ్మ. ఆడపడుచు పెదవి విరిచింది. అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న మాస్టారు తలెత్తాడు.

"చేయించుకుంటాను" అన్నాడు, వినీవినబడని గొంతుతో. "నాకు నా పెట్టె కావాలి."

కోటు మాడిన రోజు నుంచి ఆయన పెట్టె మాటెత్తడం అదే మొదలు. మరకలమ్మ ఆయనవైపు తిరిగి చూసింది. ఇంతకాలం ఆ కోరికను లోపలే దాచుకుని తన వెనక కూర్చున్నాడన్నమాట!

ఆసుపత్రిలో ఆ గది చిన్నది. మంగలి షాపులో ఉన్నట్టు వెనక్కి వాలే కుర్చీ, పక్కన బీరువా అంత యంత్రం, దానికి వైరుతో వేలాడే ఎనిమిది అంకె ఆకారపు బిళ్ళ. దాన్ని నడిపే ఆయన లావుపాటి మీసాల మనిషి. యంత్రం టక్‌టక్‌మంటుంది కాబట్టి మరకలమ్మ ఆయనకు టక్‌టక్ మాస్టారని పేరు పెట్టేసింది. తలలో, గుండె దగ్గర ఎక్కడైనా లోహపు ముక్కలు వేయించుకున్నారా, ఎప్పుడైనా మూర్ఛలు వచ్చాయా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. లేవు లేవంటుండగానే ఇస్త్రీ మాస్టారి కాలరు లోపల పిన్నీసు దొరికింది. లాండ్రీ బతుకు మరి, చీటీలు గుచ్చే పిన్నీసులు ఒంటికి అంటుకునే ఉంటాయి. ఆవిడ యంత్రం గురించి అడగడం మొదలుపెట్టి ఆపకపోయేసరికి, మీసాలాయన రెండు చేతులూ జోడించి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నాడు. అందువల్ల లోపల తలమీద చోటును ఎలా వెతుకుతారో, దొరికాక ఏం చేస్తారో ఆవిడ చూడలేదు. చూసి ఉంటే అంత పని జరిగేది కాదు.

మొదటి రోజుల్లో పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేది. ఒకరోజు చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నాడు. మర్నాడు గడప దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. ఏమనుకోవాలో తెలిసేది కాదు.

అలాంటి ఒక రోజు బయట చలిగాలి కొడుతోంది, బస్సు వేళ మించిపోతోంది. ఆయన గదిలోంచి రాగానే హడావిడిగా తలకు ఉన్ని టోపీ తొడిగి తీసుకొచ్చేసింది. షాపుకొచ్చి తీస్తే లోపల ఇంకో టోపీ. పల్చటి తెల్లబట్టతో కుట్టినది, ఆసుపత్రివాళ్ళది. లోపల టక్‌టక్ మాస్టారు ఎవరితోనో ఫోను మాట్లాడుతూ విప్పడం మరిచిపోయాడు. ఈయన అలసిపోయి, తలమీద ఏముందో కూడా పట్టించుకోలేదు, షాపుకు వస్తూనే కుర్చీలో నిద్రపోయాడు.

టోపీ మీద నల్లసిరా. ఒకచోట అడ్డంగా నిలువుగా గీతలు, వాటి చుట్టూ వంకర గీత, పక్కన చుక్కలు.

"ఛీ ఛీ, ఎవరో పెన్నుతో గీకి పాడుచేశారు! రోజూ ఈ మురికి టోపీయేనా ఈయన తలకు పెట్టేది?" అంది.

"వాళ్ళ టోపీ వాళ్ళు ఉతుక్కుంటారు, నీకెందుకు వదినా?" అంది ఆడపడుచు.

"మన షాపులోకి వచ్చిన బట్ట మరకతో గడప దాటదు."

అదొక్కటే కాదు. ఆయన కోసం తను చేయగలిగింది ఏమీ లేదని ఇన్నాళ్ళుగా ఆవిడ కుమిలిపోతోంది. మందు డాక్టరమ్మది, యంత్రం మీసాలాయనది. ఇదిగో, ఇక్కడ తన చేతిలో పని ఒకటి దొరికింది. కింద పాతగుడ్డ మడత పెట్టి, దూది స్పిరిట్‌లో ముంచి, వెనకవైపు నుంచి అద్దింది. అది మామూలు సిరా కాదు, చెరగకూడదని చేసిన సిరా. అద్దింది, ఆగింది, మళ్ళీ అద్దింది. తిట్టుకుంది, బతిమాలింది. చీకటిపడేసరికి టోపీ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. అంతటితో ఆగిందా? గంజి పెట్టింది. ఇస్త్రీ చేసింది. కాగితంలో చుట్టి, పైన చీటీ గుచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో టక్‌టక్ మాస్టారు టోపీ కోసం సొరుగులన్నీ వెతుకుతుంటే, ఆవిడ ముసిముసిగా నవ్వుతూ పొట్లం అందించింది. ఆయన విప్పాడు. గంజి బిరుసుకు టోపీ బల్లమీద గిన్నెలా నిలబడింది. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లోపలికి తొంగి చూశాడు.

"అమ్మా... దీనిమీద గీతలుండాలి."

"ఉన్నాయండీ! మహా మొండి సిరా. అయినా జాడ కూడా లేకుండా తీసేశాను. మీరు వెతికినా దొరకదు."

"దొరకదమ్మా, అదే నా ఏడుపు!" అని ఆయన తన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ గీత మరక కాదు. మీ ఆయన తలమీద యంత్రం ఎక్కడ పెట్టాలో దానికి గుర్తు. మొదటి రోజు గంటసేపు వెతికి గీసుకున్నాను. రోజూ దాన్ని చూసే చోటు పట్టుకుంటున్నాను."

మరకలమ్మ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, టోపీని లాక్కుని ఎక్కడైనా ఛాయ మిగిలిందేమోనని కిటికీ దగ్గర పట్టి చూసింది. ఎక్కడ మిగులుతుంది? పని చేసింది ఎవరు!

"అయ్యో, నా చేతులు పడిపోనూ!" అని ఏడ్చేసింది. "ఆ రోజు ఆయన చేతిలో పెట్టె లాక్కున్నాను. అది మళ్ళీ చేతికొచ్చే దారి ఇదొక్కటుంటే, దీన్నీ నేనే కడిగేశాను కదండీ!"

అప్పుడు ఇస్త్రీ మాస్టారు కూర్చున్న కుర్చీలోంచి ఏదో చప్పుడు వచ్చింది. ముందు దగ్గనుకున్నారు. ఆయనకు ఊపిరాడటం లేదేమోనని టక్‌టక్ మాస్టారు గబుక్కున లేచాడు. కాదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఒక్కవైపు పెదవి కొద్దిగా, బరువుగా, పైకి లేచింది.

"గంజి..." అన్నాడు ఆయన, మాట కూడదీసుకుంటూ. "గంజి కూడా పెట్టిందండీ!"

నవ్వుతున్నాడు. ఎన్నాళ్ళ తరవాతో నవ్వుతున్నాడు! మీసాలాయన ఆయన్ని చూశాడు, బిగుసుకు నిలబడ్డ టోపీని చూశాడు, ఇక ఆపుకోలేక తనూ పొట్ట పట్టుకున్నాడు. వాళ్ళిద్దరినీ చూస్తూ మరకలమ్మ ఏడుపూ నవ్వూ కలిపి ముక్కు చీదింది.

"ఏడవకండి" అన్నాడు చివరికి టక్‌టక్ మాస్టారు. "గీత పోయిందిగానీ చోటు ఎక్కడికీ పోలేదు. ఆయన తలలోనే ఉంది. మళ్ళీ వెతుకుదాం. ఈసారి మీరు ఇక్కడే ఉండి చూడండి. బయటికి పంపితే ఇంకేం ఉతుకుతారో!"

కొత్త టోపీ తెచ్చి తొడిగి, ఆయన బిళ్ళను తలమీద కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క తట్టు కొట్టాడు. టక్. ఏమీ లేదు. కొంచెం పక్కకు. టక్. ఏమీ లేదు. మరకలమ్మ తొట్టి ముందు కూర్చున్నప్పటిలా ఓపిగ్గా భర్త చేతినే చూస్తూ కూర్చుంది. ఇంకొంచెం వెనక్కి. టక్. కుర్చీ చేతిమీద ఊరికే పడున్న ఆయన కుడిచేతి బొటనవేలు ఎగిరిపడింది.

"కదిలింది! కదిలింది!" అని ఆవిడ అరిచింది.

"అదే చోటు" అని మీసాలాయన పెన్ను తీసి గీత గీశాడు. "ఇది మాత్రం..."

"దేవుడి మీద ఒట్టు, దాని జోలికి పోను" అంది మరకలమ్మ.

వారాలు గడిచి ఆ వైద్యం ముగిసింది. డాక్టరమ్మ ఆయన్ని నడిపించి, వేళ్ళు ఆడించమని చూసి, మేలు కనిపిస్తోందంది. మధ్యమధ్య చేయి బిగుసుకోవడం పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది, బిగిసినా తొందరగా వదులుతోంది. "వేడి తక్కువ పెట్టుకోండి. పక్కన మనిషి ఉండాలి. మాత్ర పనిచేసే వేళ చూసుకోండి" అని చెప్పి, పెట్టె పట్టుకోవచ్చంది.

మర్నాడు పొద్దున షాపు తెరవగానే మరకలమ్మ బీరువా అడుగునుంచి తెచ్చిన పాత చొక్కాను బల్లమీద పరిచింది. చిరిగిన కాలరు, వీపున గోధుమరంగు గుర్తు. ఆయన దాన్ని గుర్తుపట్టి ఆవిడవైపు చూశాడు.

"ఇది ఎలాగూ మాడిందే. దీనిమీద మొదలుపెట్టండి" అంది ఆవిడ. పెట్టెను తనే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

పెట్టె కాలరు మీద నడిచింది. చొక్కా చేతుల మీద నడిచింది. మెల్లగానే, కానీ గీత వంకరపోలేదు. ఆడపడుచు రసీదు పుస్తకం మూసేసి గుడ్లప్పగించి చూస్తోంది. వీపు దగ్గరికి వచ్చింది పెట్టె. పాత గుర్తు పక్కకు చేరుతుండగా వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

మరకలమ్మ చేయి దానంతటదే లేచింది. లాగేసుకోవడం ఒక్క క్షణం పని. ఆవిడ ఆ చేతిని రెండోచేత్తో పట్టుకుని గుండెకు అదుముకుంది. బట్ట వేడెక్కిన వాసన ముక్కుకు తగిలింది. అయినా కదల్లేదు.

ఆయన ఎత్తాడు.

ఎత్తి, పెట్టెను దాని దిమ్మమీద నిలబెట్టి, ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా మీద కొత్త గుర్తేమీ పడలేదు.

"భయపడ్డావా?" అన్నాడు. "నీ సంతకం పక్కన నాదీ పడుతుందని?"

ఎన్నాళ్ళుగానో నాలుక చివర ఆగిపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది. "తప్పైపోయిందండీ. ఆ రోజు నలుగురిలో అంత మాటనకుండా ఉండాల్సింది. నా నోరు పాడుగాను, మీరు నన్ను అననే లేదు, నేను మాత్రం..."

"మొహంలో కనిపించలేదు కాబట్టి నాకు కోపం రాలేదనుకుంటున్నావా?" అన్నాడు ఆయన. "వచ్చింది. చాలా వచ్చింది. మొన్న ఆ టోపీ గిన్నెలా నిలబడింది చూడు, అప్పుడు పోయింది." బల్ల మీద చేయి చాపాడు. "ఇంకోటి ఇయ్యి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ రోజు ఇవ్వాల్సిన బట్టల కుప్ప దగ్గరికి వెళ్ళింది. పైన పాత దిండుగలీబు ఉంది. దాన్ని పక్కకు పెట్టి, కింద ఉన్న బ్యాండు మాస్టారి కొత్త తెల్లకోటు తీసింది. తెచ్చి, ఆయన ముందు, వీపు పైకి వచ్చేలా పరిచింది. పరిచి, వెనక గదిలోకి తన తొట్ల దగ్గరికి వెళ్ళిపోబోయింది.

"డాక్టరమ్మ పక్కన మనిషుండాలంది కదే" అన్నాడు ఆయన.

"ఉంటాను" అని ఆవిడ స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది.